మోకాలికి జానెడు పైన

ఆరున్నర దాటింది. ఇంకో గంటలో మా ఆయన కారు ఈ గేటుకు వస్తుంది. వచ్చి ఆ తెల్ల గీత మీద ఆగుతుంది, దానికి పది అంగల ఇవతల పసుపు గీత మీద నేను నిలబడతాను, నిలబడి దాని దీపాలు నా మీద ఎలా పడుతున్నాయో చూసి ఈ పుస్తకంలో సరే అనో కాదు అనో రాయాలి. కాదు అని రాస్తే పదిహేను రోజులు ఆ కారుకు ఇక్కడ డ్యూటీ ఉండదు. ఈ రోజే ఆయనకు ఈ క్యాంపస్‌లో మొదటి డ్యూటీ. ఆ రూలు పెట్టించింది ఎవరయ్యా అంటే నేనే. వింటే నవ్వుతారు గానీ నాకు మాత్రం నవ్వు రావడం లేదు. ఆరింటికి డ్యూటీ ఎక్కుతూ ఫోను పెట్టెలో వేయబోతున్నాను, గేటు దగ్గర ఉండేవాళ్లం ఫోన్లు పెట్టెలో వేసి తాళం వేయించుకోవాలి, సరిగ్గా అప్పుడే మోగింది. "ఏమే, కారుకు కొత్త లైట్లు ఏయించిన. నువ్వు రోజు జెప్తవు గద, తెల్లటియి అని, గవే. ఇయ్యాల నీ గేటు కాడ జూడు, దిమాక్ ఖరాబైతది!" అన్నాడు, చిన్నపిల్లాడు పెన్సిలు కొనుక్కొచ్చుకున్నంత సంబరం ఆ గొంతులో. నేను నోరు తెరిచేలోపే పెట్టేశాడు. వెనక వరసలో ఉన్నవాళ్లు జరుగమ్మా జరుగు అన్నారు, నా చేతిలోంచి ఫోను పెట్టెలో పడింది.

కొత్త కారు అయితే ఫికరు లేదు. తొమ్మిదేళ్ల బండి మాది. పుట్టుకతోనే హాలోజన్ బల్బు, దాని వెనక అద్దంలా మెరిసే గిన్నె. ఆ గిన్నెలో ఇప్పుడు ఏ దుకాణంలోనో తెల్ల ఎల్‌ఈడీ బల్బు దూర్చి ఇచ్చారన్నమాట. అయ్యో రామా. నేను రోజూ చెప్పింది ఏమిటి, ఈ మనిషి విన్నది ఏమిటి.

చినుకులు ఆగిపోయాయి గానీ తారు ఇంకా తడిగానే ఉంది, వచ్చే ప్రతి బండి వెలుగు పైన ఒకటి, కింద తడిలో ఒకటి. ఇదిగో ఇది పసుపుపచ్చది. హాలోజన్. పాత టాక్సీ, ఖాళీగా వస్తోంది. దీని వెలుగు నా ప్యాంటు మీద పడి నడుము దాకా మసకమసకగా పాకుతుంది, ఎక్కడ ఆగిందో చెప్పలేం, మెల్లగా చీకట్లో కలిసిపోతుంది. నాకు ఈ పచ్చ వెలుగంటే మోజు ఉంది, అబద్ధం చెప్పను. గేటు డ్యూటీలో చేరిన కొత్తలో అన్నీ ఇవే. చలికాలం పొద్దున ఐదింటికి బోరబండ నుంచి మా ఆయన నన్ను దింపేవాడు, దింపి బండి ఆపకుండా కాసేపు ఉంచేవాడు, నేను ముందుకు వెళ్లి రెండు అరచేతులూ ఆ దీపం అద్దానికి ఆనించేదాన్ని. ఎంత వేడి! వేళ్లు కొంకర్లు తిరిగి ఉంటే రెండు నిమిషాల్లో సాపు అయ్యేవి. తెల్ల దీపాల అద్దం అలా వేడెక్కదు, మంచు పడితే పట్టినట్టే ఉంటుంది. హాలోజన్ మంచిదే. బల్బు పోతే రోడ్డు పక్కన ఎక్కడైనా దొరుకుతుంది, పది నిమిషాల్లో వేసుకోవచ్చు. కానీ వాన పడితే దాని పని అంతే, తడి రోడ్డు ఆ పచ్చదనాన్ని తాగేస్తుంది, రోడ్డు మధ్యలో గుంత ఉందో నీడ ఉందో తెలియదని మా ఆయనే చాలాసార్లు తిట్టుకునేవాడు. సరే రాశాను. పో నాయనా.

మొదటిసారి కంపెనీ నుంచే తెల్ల దీపాలతో వచ్చిన కారును దగ్గరగా చూసిన రోజు నాకు బాగా గుర్తు. రసజ్ఞ మేడమ్‌ది. ఐదో అంతస్తులో పనిచేస్తుంది, కాకినాడ వైపు అమ్మాయి, గేటు దగ్గర అద్దం దించి పలకరించి వెళ్లే నలుగురిలో ఒకతి. కొత్త కారు ఎదురుగా వస్తోంది, అంత తెలుపు చూసి నేను అలవాటుగా చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాను. అడ్డం పెట్టుకుంటే అవసరం లేదు. కళ్లలో ఏమీ పడటం లేదు. ఇదేమిట్రా అని కిందికి చూసుకుంటే, వెలుగు నా మోకాలికి జానెడు పైన, కత్తెరతో కత్తిరించినట్టు ఆగిపోయి ఉంది. కింద బూటు లేసు ముడి కూడా కనబడుతోంది, పైన నా చొక్కా గుండీలు చీకట్లో ఉన్నాయి. కుడి చేతి వైపు, అంటే ఆ కారుకు ఎడమ వైపు, ఫుట్‌పాత్ ఉన్న పక్కకు మాత్రం ఆ గీత కొంచెం పైకి లేచి ఉంది. దీపం చెడిపోయిందేమో అనుకున్నాను, ఒట్టు. "మేడమ్, మీ లైటు సగంలనే ఆగిపోయింది, జర చూపించుకోండ్రి" అంటే ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "అది అక్కడే ఆగాలండీ ఆంటీ. ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో పడకూడదని అలా తయారుచేస్తారు. ఎడమ పక్కన నడిచేవాళ్లు కనబడాలని అటు కొంచెం ఎత్తుతారు" అంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో ఏం చెప్పను. పదకొండేళ్లు ఈ గేటులో నిలబడ్డాను. నా మీద హారన్ కొట్టినవాళ్లు ఉన్నారు, బూటు మీద చక్రం ఎక్కించినవాళ్లు ఉన్నారు. అలాంటిది ఎక్కడో, ఏ ఊళ్లోనో, ఏసీ గదిలో కూర్చుని ఎవరో ఒక మనిషి ఎదురుగా నిలబడే నాలాంటిదాని కళ్ల గురించి ఆలోచించాడు. ఇంత వెలుగు చేతిలో పెట్టుకుని కూడా ఇక్కడిదాకా చాలు అనుకున్నాడు. దీపం వేరు, గిన్నె వేరు కాదు అందులో, దీపానికి సరిపోయే అద్దం, అద్దానికి సరిపోయే దీపం, అన్నీ ఒకటిగా పుట్టించాడు. ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆయనకు చెప్పాను. మర్నాడూ చెప్పాను. ఇంకో కంపెనీ కారు వస్తే దాని సంగతి చెప్పాను, దాని గీత ఇంకా సన్నం అని, పక్క వీధి మలుపులోకి కూడా వెలుగు తిరుగుతుందని. ఆయన ముద్ద కలుపుతూ ఊఁ అనేవాడు. తెల్లగా ఉంటుందయ్యా, పాలు పోసినట్టు, అన్నాను ఒకసారి. అదే పట్టుకున్నట్టున్నాడు. ఆగుతుంది అన్న మాట పది సార్లు చెప్పి ఉంటాను, తెలుపు అన్న మాట ఒకటో రెండో సార్లు, చెవిలోకి వెళ్లింది మాత్రం ఆ ఒకటీ రెండే.

ఆగు, ఆగు, మెల్లగా. ఈ బస్సు వాడికి గేటంటే లెక్కలేదు. సరే. తర్వాతది మళ్లీ పచ్చది. సరే.

భాగ్యమ్మ కాలు విరిగింది ఇక్కడే, ఆ దీపస్తంభం పక్కన. నెల మీద వారం అవుతోంది. లోపల ఊడ్చే పని తనది, ఏడింటికి దిగి మెట్రోకు నడుస్తుంది. ఆ రోజు ఎదుటినుంచి ఒక క్యాబు వచ్చింది, పాత బండే, దాని గిన్నెలో దూర్చిన తెల్ల బల్బులు, వెలుగంతా నలుదిక్కులా చిమ్ముతోంది, చెట్ల కొమ్మల మీద పడుతోంది, మూడో అంతస్తు కిటికీల మీద పడుతోంది, ఒక్క రోడ్డు మీద తప్ప. దాని ఎదురుగా వస్తున్న బైకు కుర్రాడికి ఏమీ కనబడలేదు. భాగ్యమ్మకూ కనబడలేదు. నేను ఈల ఊదాను, ఎవరికోసం ఊదానో నాకే తెలియలేదు, నాకూ ఏమీ కనబడలేదు. దవాఖానలో మోకాలికి ఇనుప కడ్డీ వేశారు. చూడటానికి వెళితే మంచం మీద కూర్చుని, "మనిషిని జూడలే, బండిని జూడలే అక్కా. తెలుపే జూసిన" అంది. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. నా ముందు పడిపోయింది, నా గేటు ముందు.

మర్నాడు నరసింహమూర్తి సారు, మా క్యాంపస్ బాగోగులు చూసే మేనేజరు, తెల్ల లైట్ల బండ్లు లోపలికి రానివ్వొద్దు అని బోర్డు రాయించబోయాడు. నాకు ఒళ్లు మండింది. తప్పు తెలుపుది కాదు సార్ అన్నాను. మరి దేనిది అన్నాడు. రండి చూపిస్తా అని ఆయన్ని తీసుకొచ్చి పసుపు గీత మీద నిలబెట్టాను, పెద్ద మనిషి, ఎత్తు మనిషి, టై కట్టుకుని బొమ్మలా నిలబడ్డాడు. ఒక హాలోజన్ బండి, ఒక రసజ్ఞ మేడమ్ కారు, ఒక బల్బులు మార్చిన క్యాబు, మూడింటిని ఒకదాని తర్వాత ఒకటి ఆపాను. మేడమ్ కారు వెలుగు ఆయనకు మోకాలి చిప్ప దగ్గరే ఆగింది. మూడోది రాగానే ఆయన "అబ్బా" అని మొహం తిప్పేసుకున్నాడు. ఒకరి కొలతకు కుట్టిన జాకెట్టు ఇంకొకరు తొడుక్కుంటే ఎట్లుంటది సార్, గట్లనే, ఆ గిన్నె పచ్చ బల్బు కోసం పుట్టింది, అన్నాను. ఆయన కళ్లు నులుముకుంటూ, "చంద్రమ్మా, ఇంత తెలిసినదానివి ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా" అన్నాడు. ఎవరు అడిగారు గనక! ఆ వారమే సాయంత్రం డ్యూటీ క్యాబులన్నింటికీ దీపాల తనిఖీ పెట్టారు, పుస్తకం నా చేతికి ఇచ్చారు. చంద్రమ్మ సరే అంటేనే బండి లోపలికి. నాకు గర్వమే. దాచుకోను. ఇన్నేళ్లలో నా మాటకు ఒక గడి గీసి ఇచ్చింది ఈ ఒక్క పుస్తకమే.

ఇప్పుడు ఆ గడిలో ఏం రాయను? ఏడు దాటింది. బయోడైవర్సిటీ కూడలి వైపు నుంచి బారులు బారులుగా వస్తున్నాయి, ఫ్లైఓవర్ మీద తెల్లవీ పచ్చవీ కలిసిపోయి ఒకటే ప్రవాహం, కింద మాత్రం ఒక్కొక్కటిగా విడిపోతాయి. రసజ్ఞ మేడమ్ కారు బయటికొచ్చింది. ర్యాంపు ఎక్కేటప్పుడు ఎంత మంచి దీపమైనా ఒక్క క్షణం ఆకాశం చూస్తుంది, అది దాని తప్పు కాదు, నేల సాపు కాగానే మళ్లీ తల దించుతుంది. దించింది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉంటుందో. అద్దం దించి, "ఏంటి ఆంటీ, అలా ఉన్నారు?" అంది. "మేడమ్, ఒక్క ఫోను చేసుకోనిస్తరా?" అని అడిగేశాను. గేటులో ఫోను పట్టుకోకూడదు, తెలుసు, అయినా అడిగాను. ఆ పిల్ల మారుమాట లేకుండా ఇచ్చింది. మోగింది, మోగింది, మోగి ఆగింది. ఎలా ఎత్తుతాడు? బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నది నేనేగా! ఆరేళ్లయింది, ఒక్కసారి తప్పలేదు మహానుభావుడు. రెండోసారి చేశాను. మోగి ఆగింది. వెనక హారన్లు మొదలయ్యాయి, ఫోను ఇచ్చేశాను. "ఏదైనా అర్జెంటా అండీ?" అంది. ఏం లేదు మేడమ్, పైలంగ పోండ్రి అన్నాను.

కోపం ఆయన మీదా, నా మీదా? ఆయన మీద అయితే ఎంతసేపు నిలుస్తుంది. నా మాట విని, నాకు నచ్చిందని, నాకోసం మార్పించుకొచ్చాడు. పెళ్లయి ఇరవై ఏళ్లలో నాకు నచ్చిన చీర రంగు ఒక్కసారి సరిగ్గా తేలేకపోయాడు, అయినా తెస్తూనే ఉన్నాడు. పోనీ ఈ ఒక్కరోజుకు సరే అని రాస్తే? ఎవరు చూస్తారు? ఇంటికెళ్లాక తీయించేస్తాను, రేపటికి పాత బల్బులే ఉంటాయి. కొత్త డ్యూటీ, మొదటి రోజే వెనక్కి పంపితే క్యాబుల కాంట్రాక్టరు మళ్లీ పిలుస్తాడా? గచ్చిబౌలిలో పాత కంపెనీ డ్యూటీ పోయాక ఆరు నెలలు ఖాళీగా తిరిగాడు మనిషి, గడ్డం కూడా సరిగ్గా గీసుకునేవాడు కాదు, ఈ డ్యూటీ వచ్చిందని తెలిసిన రోజు ఎన్నాళ్లకో పాట పాడుకుంటూ స్నానం చేశాడు. రాసేస్తాను. సరే అని రాసేస్తాను. రెండక్షరాలు. నిన్న సాయంత్రం ఇదే మాట ఇంకొక డ్రైవరు బతిమాలాడు, ఇద్దరు పిల్లలక్కా అని, వాడికి కాదు అని రాశాను. వాడు వెళ్లేటప్పుడు నన్ను చూసిన చూపు ఇంకా వీపు మీద ఉంది. మా ఆయనకు నిజంగా తెలియదు, అదే నా బాధ. సీట్లో కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుంది? లోపలినుంచి చూస్తే అంతా బ్రహ్మాండమే. రోడ్డు తెల్లగా, చెట్లు తెల్లగా, ఎంత బాగా కనబడుతోందో అనుకుంటారు. ఆ దుకాణంవాడికీ తెలియదు, వాడు గోడ మీద వేసి చూపిస్తాడు, గోడకు కళ్లుంటాయా?

ఏడూ ఇరవై. నరసింహమూర్తి సారు గొడుగు ఊపుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు, మొదటి ట్రిప్పు క్యాబులు వచ్చాయా అంటూ. ఈయన కూడా ఇప్పుడే రావాలా. సర్వీసు రోడ్డు మలుపు తిరుగుతూ ఒక వెలుగు కనబడింది. ముందు వేపచెట్టు కొమ్మలు తెల్లగా వెలిగాయి, తర్వాత ఎదుటి బిల్డింగు అద్దాలు, తర్వాత సారు చొక్కా. అప్పుడే తెలిసిపోయింది. నంబరు చూడక్కర్లేదు. బండి తెల్ల గీత మీద వచ్చి నిలిచింది, నేను పసుపు గీత మీదికి నడిచాను, రోజూ నడిచినట్టే. కిందికి చూసుకున్నాను. ఎక్కడా గీత లేదు. మోకాళ్లు, బెల్టు, గుండీలు, మెడ, అంతా తెలుపు. తలెత్తితే కారు లేదు, మా ఆయన లేడు, ఇరవై ఏళ్లుగా ఎరిగిన మొహం ఆ వెనకాల ఎక్కడో ఉంది, నాకు కనబడలేదు. ఆయనకు నేను నిలువునా కనబడి ఉంటాను. సంబరం పట్టలేక డిప్పరు కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు, కళ్లలో సూదులు గుచ్చినట్టయింది.

కళ్లనుంచి నీళ్లు కారుతుండగానే కిటికీ దగ్గరికి వెళ్లాను. క్రాపు దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మొహమంతా నవ్వు. "ఎట్లున్నయే? ఖుష్షా?" అన్నాడు.

"ఎవలు ఏయమన్నరయ్యా నిన్ను?" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

సారు దగ్గరికొచ్చాడు. కార్లోకి చూశాడు, నన్ను చూశాడు, అర్థమైంది. మంచి మనిషి. గొంతు తగ్గించి, "మీ ఆయనేనా చంద్రమ్మా? సరేలే, ఈ ఒక్క ట్రిప్పుకి పంపించేద్దాం. రేపు మార్పించుకుని రమ్మను. నేనేం చూడలేదనుకో" అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది. నాకు దారి తెరిచి పెట్టాడు, దాటడమే తరువాయి. వెనక పది బండ్లు ఆగాయి. మెట్రోకు వెళ్లే ఆడవాళ్లు గుంపుగా ఆ దీపస్తంభం పక్కనుంచే నడుస్తున్నారు, మొహాల మీద చున్నీలు అడ్డం పెట్టుకుంటున్నారు మా కారు వెలుగుకు.

కాదన్న బండిని పుస్తకంలో రాస్తే చాలదు, వాకీటాకీలో కంట్రోల్ రూముకు నోరు తెరిచి చెప్పాలి, నంబరు, డ్రైవరు పేరు, కారణం. మా ఇళ్లల్లో మొగుడి పేరు నోటితో అనము. రేషను కార్డు దగ్గర అడిగితే పక్కవాళ్ల చేత చెప్పించాను, ఓటరు చీటీ దగ్గర వేలు పెట్టి చూపించాను. ఆయన నన్నే చూస్తున్నాడు. బటన్ నొక్కాను. నంబరు చెప్పాను. డ్రైవర్ పేరు, అంది అవతలి గొంతు.

"తిరుపతి" అన్నాను. "లైట్లు. రిజెక్ట్."

నా గొంతులో తన పేరు వినడం ఆయనకు అదే మొదలు. మొహం ఎలా అయిపోయిందో నేను చెప్పలేను. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. "నీ కోసమే గదనే ఏయించింది" అన్నాడు, మెల్లగా, సారుకు వినబడకుండా. తెలుసయ్యా అన్నాను. "మరి గింత మంచిగ కనవడ్తుంటే లైట్లు ఖరాబంటవేంది? ఏం తప్పుందో సూపియ్యి నాకు" అన్నాడు, ఇప్పుడు కోపంగా. "దిగు. దిగి ఆడ నిలవడు, నేను నిలవడ్డ కాడ" అన్నాను.

దిగాడు. తలుపు విసురుగా వేసి, నన్ను దాటుకుంటూ విసవిసా నడిచి పసుపు గీత మీదికెళ్లి ఇటు తిరిగాడు. చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తెలుపులో ఇస్త్రీ చొక్కా మడతలు కూడా నాకు కనబడుతున్నాయి, ఆయనకు మాత్రం నేను కనబడటం లేదు, అటూ ఇటూ మొహం తిప్పుతూ నన్ను వెతుక్కుంటున్నాడు. "చంద్రా, ఏడున్నవ్?" అన్నాడు. ఈడనే ఉన్న అన్నాను. అక్కడే నిలబడి, కళ్లు మూసుకుని అడిగాడు, "రోజు ఈడ గిట్లనే నిలవడ్తున్నవా నువ్వు?"

కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాను, స్టీరింగ్ పక్క మీట వేళ్లకు తగిలింది. దీపాలు వెంటనే ఆపేయొచ్చు. ఇంకో రెండు క్షణాలు ఉండనిచ్చాను, ఆయన ఆ గీత మీద అలాగే నిలబడి ఉన్నాడు, తర్వాత ఆపేశాను.